కుదుపుకు లెక్క: మోటార్‌సైకిల్ సస్పెన్షన్‌ను కొలిచి సర్దే విధానం

బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్ రాతి గుట్టల మీద వెలసిన ప్రాంతాలు కావడంతో అక్కడి రోడ్లు చదునుగా సాగవు. కేబీఆర్ పార్కు చుట్టూ ఎక్కుతూ దిగుతూ మలుపులు తిరిగే దారులు, కాలనీ సందుల్లో అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు, ప్రధాన మార్గాల్లో ఎగుడుదిగుడుగా కూర్చున్న మ్యాన్‌హోల్ మూతలు, రోడ్ నంబర్ 45 మీదుగా 2020లో ప్రారంభమైన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వైపు వెళ్లే ఫ్లైఓవర్ అతుకులు కలిసి మోటార్‌సైకిల్ సస్పెన్షన్ ఎదుర్కోవలసిన పరీక్షలన్నిటినీ కొద్ది కిలోమీటర్లలోనే పెడతాయి. అయినా ఈ దారుల్లో రోజూ తిరిగేవారు తమ బండి గురించి ఇచ్చే తీర్పు "మెత్తగా పోతోంది", "గట్టిగా కొడుతోంది", "వెనక షాకప్‌లు పోయాయి" అన్న మాటల దగ్గరే ఆగిపోతుంది. ఆ మాటల్లో అబద్ధం లేదు గాని, వాటిలో కారణం ఉండదు. నడుముకు తగిలిన ఒకే దెబ్బకు స్ప్రింగ్ బలహీనత, ఫోర్క్ ఆయిల్ పలచబడటం, టైరులో గాలి ఎక్కువ కావడం, రోడ్డు తీరు ఇలా ఏదైనా కారణం కావచ్చు. వీటిని విడదీసి చూపేందుకు పుట్టినదే డేటా లాగింగ్, అంటే సస్పెన్షన్ కదలికను సెన్సర్లతో కొలిచి, క్షణక్షణం నమోదు చేసి, ఆ గీతలను చదివి బండిని సర్దుకొనే పద్ధతి.

స్ప్రింగ్ పని వేరు, ఆయిల్ పని వేరు

సస్పెన్షన్‌లో రెండు వేర్వేరు భాగాలు కలిసి పనిచేస్తాయి. చక్రం గతుకు ఎక్కినప్పుడు నొక్కుకుపోయి ఆ శక్తిని దాచుకొనేది స్ప్రింగ్. దాచుకున్న శక్తితో బండిని పదేపదే ఊపకుండా, దాన్ని వేడిగా మార్చి హరించేది ఆయిల్. ఈ ఆయిల్ సన్నని రంధ్రాల గుండా బలవంతంగా ప్రవహించేటప్పుడు పుట్టే నిరోధాన్నే డంపింగ్ అంటారు. నొక్కుకొనేటప్పుడు పనిచేసేది కంప్రెషన్ డంపింగ్, తిరిగి సాగేటప్పుడు పనిచేసేది రీబౌండ్ డంపింగ్. ఆయిల్ డంపింగ్‌తో కూడిన టెలిస్కోపిక్ ఫోర్క్‌ను 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12 బండికి అమర్చిన తరువాత, ఒక గొట్టంలో మరొక గొట్టం జారే ఆ ఏర్పాటే ప్రపంచమంతటా మోటార్‌సైకిళ్ల ముందు భాగానికి ప్రమాణమైంది.

స్ప్రింగ్ బలం అది ఎంత దూరం నొక్కుకుందన్న దానిమీద ఆధారపడితే, డంపింగ్ బలం ఎంత వేగంగా నొక్కుకుంటోందన్న దానిమీద ఆధారపడుతుంది. కాబట్టి సస్పెన్షన్‌ను సరిగ్గా పరీక్షించాలంటే దూరాన్నీ వేగాన్నీ రెండిటినీ కొలవాలి. ఇందులో తొలి కొలతకు టేపు చాలు. బండిని పైకెత్తి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఒకసారి, వాహనదారు రోజూ కూర్చున్నట్టే కూర్చున్నప్పుడు ఒకసారి కొలిచి, ఆ రెంటి తేడాను చూస్తే దాన్ని శాగ్ అంటారు. ముందు ఫోర్క్ మొత్తం కదలిక 120 మి.మీ. ఉన్న బండికి రోడ్డు వాడకంలో 30 నుంచి 40 మి.మీ. శాగ్ ఉండటం మామూలుగా సరిపోతుంది. వెనక షాకప్ మీది మెట్ల రింగును తిప్పి ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు గాని, స్ప్రింగ్ గట్టిదనం దాని తీగ మందం, చుట్ల సంఖ్య, చుట్టు వ్యాసం మీద ఆధారపడుతుంది కనుక ప్రీలోడ్ దాన్ని మార్చదు. బండి ఏ ఎత్తులో నిలబడాలో మాత్రమే నిర్ణయిస్తుంది.

జిప్ టై నుంచి లాగర్ దాకా

కదలికను నమోదు చేసే అతి చవక సాధనం ఫోర్క్ గొట్టానికి బిగించే ప్లాస్టిక్ జిప్ టై. ఫోర్క్ నొక్కుకున్నప్పుడు అది పైకి జరిగి, ఆ ప్రయాణంలో కదలిక ఎంతవరకు వెళ్లిందో చూపుతూ అక్కడే ఆగిపోతుంది. అయితే ఆ గరిష్ఠ స్థానానికి ఎప్పుడు చేరింది, బ్రేకు వల్ల చేరిందా గుంత వల్ల చేరిందా, ఎంత వేగంతో చేరింది అన్న ప్రశ్నలకు దాని దగ్గర సమాధానం లేదు.

ఆ సమాధానాలిచ్చేది లీనియర్ పొటెన్షియోమీటర్. పేరు పెద్దదైనా పని చిన్నదే: గొట్టంలో ఒక కడ్డీ జారుతుంటే దాని కొసనున్న స్పర్శ బిందువు నిరోధక పట్టీమీద కదులుతూ, స్థానాన్నిబట్టి విద్యుత్ వోల్టేజీని మారుస్తుంది. 150 మి.మీ. పొడవున్న ఇటువంటి సెన్సర్‌కు 5 వోల్టులు ఇస్తే, కడ్డీ సగం దూరంలో ఉన్నప్పుడు రెండున్నర వోల్టులు వస్తాయి. పన్నెండు బిట్ల లాగర్ ఆ పరిధిని 4096 మెట్లుగా విడగొడుతుంది గనుక లెక్కప్రకారం 0.04 మి.మీ. కదలికను కూడా గుర్తించగలదు. ముందు సెన్సర్‌ను ఫోర్క్‌కు సమాంతరంగా బిగిస్తారు. ఫోర్క్ నిలువుగా కాక సుమారు 25 డిగ్రీలు వాలి ఉంటుంది కనుక చక్రం 10 మి.మీ. పైకి లేస్తే ఫోర్క్ మీద దాదాపు 11 మి.మీ. నమోదవుతుంది. వెనక ఒకే షాక్ ఉన్న బండ్లలో చక్రం రెండు, రెండున్నర మి.మీ. కదిలితే షాక్ ఒక మి.మీ. కదలడం పరిపాటి కాబట్టి, ఆ నిష్పత్తిని ముందుగా కొలిచి లెక్కలో చేర్చకపోతే ముందు గీతనూ వెనక గీతనూ పోల్చడం కుదరదు. వీటికి తోడుగా త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్, వంపును కొలిచే జైరోస్కోప్, స్థలాన్నీ వేగాన్నీ చెప్పే జీపీఎస్, బ్రేకు ఒత్తిడి సెన్సర్ కలిస్తే పూర్తి లాగర్ తయారవుతుంది.

సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్నది ఇక్కడ కీలకమైన ప్రశ్న. సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరా ముందు రథచక్రం వేగంగా తిరిగితే, తెరమీద అది వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం సినిమా ప్రేక్షకులందరూ చూసినదే. ఒక ఫ్రేముకూ మరొక ఫ్రేముకూ మధ్య ఏం జరిగిందో కెమెరాకు తెలియకపోవడమే దానికి కారణం. లాగర్ కూడా ఇదే విధంగా మోసపోతుంది. స్ప్రింగ్‌ల పైనున్న బండి, మనిషి బరువు సెకనుకు రెండు మూడు సార్లు ఊగుతుంది. స్ప్రింగ్‌ల కిందనున్న చక్రం, బ్రేకు డిస్కు మాత్రం టైరు మీద సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు ఎగిరిపడతాయి. ఒక కదలికను గుర్తించడానికి దాని వేగానికి కనీసం రెండింతలు, ఆకారాన్ని చూడడానికి అయిదు నుంచి పదింతలు సార్లు కొలవాలి గనుక సెకనుకు 100 నుంచి 200 నమూనాలు తీసుకోవడం సబబు. సెకనుకు ఒక్కసారే స్థానం చెప్పే ఫోన్ జీపీఎస్‌తో బండి ఎక్కడుందో తెలుస్తుందే తప్ప సస్పెన్షన్ ఏం చేసిందో తెలియదు.

ఒక స్పీడ్ బ్రేకర్ మీద అర సెకను

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో వెలువరించిన ఐఆర్‌సీ 99 మార్గదర్శకాల ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకర్ 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తఖండంగా, 3.7 మీటర్ల వెడల్పుతో, నడుమ 10 సెం.మీ. ఎత్తుతో ఉండాలి. దాన్ని 25 కి.మీ. వేగంతో హాయిగా దాటగలగాలన్నది ఉద్దేశం. ఆ వేగంతో వెళ్లే చక్రం సెకనుకు 6.9 మీటర్లు సాగుతుంది గనుక స్పీడ్ బ్రేకర్‌ను దాటడానికి దానికి అర సెకనుకు కొంచెం ఎక్కువ పడుతుంది. వెనక చక్రం సెకనులో అయిదో వంతు తేడాతో అదే దారి పడుతుంది. సెకనుకు 100 నమూనాలు తీసే లాగర్ ఆ కాస్త సమయంలో ఒక్కో చక్రానికి యాభైకి పైగా కొలతలు పట్టుకుంటుంది. అంచు దగ్గరి వాలును లెక్కగడితే చక్రం పైకి లేచే వేగం సెకనుకు 0.76 మీటర్లు మాత్రమే. మంచి స్థితిలో ఉన్న ఏ ఫోర్క్ అయినా దీన్ని సాఫీగా మింగేస్తుంది.

కాలనీ సందుల్లో బోల్టులతో బిగించే ఇరుకు రబ్బరు దిమ్మె సంగతి వేరు. అది 35 సెం.మీ. వెడల్పుతో, 5 సెం.మీ. ఎత్తుతో ఉందనుకుంటే, ఎత్తు సగమే అయినా అంచు వాలు అయిదింతలు నిటారుగా ఉంటుంది. అదే 25 కి.మీ. వేగంలో చక్రం దాన్ని సెకనులో ఇరవయ్యో వంతులో దాటేస్తుంది. చక్రం పైకి లేవవలసిన వేగం కాగితం మీద సెకనుకు 4 మీటర్లకు చేరువవుతుంది; టైరు కొంత నొక్కుకొని దిమ్మెను చుట్టుకోవడం వల్ల నిజంగా నమోదయ్యేది అంతకన్నా తక్కువే ఉన్నా, పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద పుట్టే వేగంతో దానికి పోలిక లేదు. ఇంత వేగంగా నెట్టినప్పుడు సన్నని రంధ్రాల గుండా ఆయిల్ పారలేక ఫోర్క్ దాదాపు ఇనుపకడ్డీలా బిగుసుకుపోతుంది, ఆ దెబ్బంతా హ్యాండిల్ గుండా మణికట్టుకు చేరుతుంది. ఖరీదైన సస్పెన్షన్లలో లో స్పీడ్, హై స్పీడ్ కంప్రెషన్ అని రెండు వేర్వేరు మరలు ఉండటానికి కారణం ఇదే. ఆ పేర్లలోని వేగం బండి వేగం కాదు, ఫోర్క్ లోపలి కడ్డీ కదిలే వేగం.

గీతల్లో రోగ నిర్ధారణ

లాగర్ ఇచ్చే మొదటి గీత స్థానానిది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్క్ కదలికంతా ఖర్చయి అడుగుకు తగులుతుంటే స్ప్రింగ్ మెత్తనిదనో, శాగ్ ఎక్కువైందనో అర్థం. ఎంత చెడ్డ రోడ్డు మీద కూడా కదలికలో మూడో వంతు ఎన్నడూ వాడకంలోకి రాకపోతే స్ప్రింగ్ ఆ మనిషి బరువుకు మించినదని అర్థం. గతుకు దాటాక గీత ఒక్కసారి పైకి లేచి నిలకడకు వస్తే డంపింగ్ బాగున్నట్టు, మూడు నాలుగుసార్లు ఊగి చల్లారితే రీబౌండ్ చాలనట్టు గ్రహించవచ్చు.

దీనికి విరుద్ధమైన రోగం కంటికి తెలియకుండా ముదిరేది. అర మీటరు ఎడంతో వేసిన రంబుల్ పట్టీల మీద 25 కి.మీ. వేగంతో వెళితే చక్రానికి సెకనుకు 14 దెబ్బలు తగులుతాయి, అంటే ఒక దెబ్బకూ మరొకదానికీ మధ్య సెకనులో పద్నాలుగో వంతు మాత్రమే ఉంటుంది. రీబౌండ్ మరీ బిగిస్తే ఆ వ్యవధిలో షాక్ పూర్తిగా తిరిగి సాగలేదు. మొదటి దెబ్బకు నొక్కుకున్నది సగం లేచేలోగా రెండోది, అది లేచేలోగా మూడోది తగిలి, సస్పెన్షన్ మెట్టుమెట్టుగా కిందికి దిగిపోతుంది. ప్యాకింగ్ అని పిలిచే ఈ స్థితిలో వాహనదారుకు బండి గట్టిగా కొడుతున్నట్టు అనిపిస్తుంది గనుక అతడు స్ప్రింగ్‌ను మెత్తబరచాలనో, షాకప్‌లు మార్చాలనో అనుకుంటాడు. గీతలో మాత్రం సగటు స్థానం మెట్ల వరుసలా దిగడం స్పష్టంగా కనిపిస్తుంది, చికిత్స రీబౌండ్ మరను కొంచెం వదులు చేయడమేనని అర్థమవుతుంది. పైగా సెకనుకు 14 దెబ్బలు చక్రం సహజంగా ఎగిరే వేగానికి దగ్గరివి కాబట్టి టైరు నేలను వదిలే ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ.

స్థానపు గీత నుంచి వేగాన్ని లెక్కగట్టి, ఏ వేగంలో ఎంత సేపు గడిచిందో స్తంభాలుగా గీస్తే దాన్ని హిస్టోగ్రామ్ అంటారు. కంప్రెషన్ వైపు స్తంభాలు, రీబౌండ్ వైపు స్తంభాలు ఎలా విస్తరించాయో చూస్తే డంపింగ్ ఎటువైపు బిగిసిందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఇక సౌఖ్యం లెక్కకు యాక్సిలరోమీటర్ ఉపకరిస్తుంది. శరీర ప్రకంపనలపై 1997 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631-1 ప్రకారం, కూర్చున్న మనిషి నిలువు కంపనాలలో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవాటిని ఎక్కువ బాధగా అనుభవిస్తాడు. అందుచేత సీటు దగ్గర నమోదైన మొత్తం కంపనం తగ్గిందా అనే కాక, ఆ పరిధిలోది తగ్గిందా అని కూడా చూడాలి.

మారేది ఒకటే ఉండాలి

రోడ్ల నునుపును కొలిచే ఇంజినీర్లు ఇదే సూత్రాన్ని తలకిందులుగా వాడతారు. మన దేశంలో కేంద్ర రోడ్డు పరిశోధనా సంస్థ రూపొందించిన బంప్ ఇంటిగ్రేటర్ అనే ఒంటి చక్రపు బండిని గంటకు 32 కి.మీ. స్థిర వేగంతో లాగుతూ, దాని స్ప్రింగ్ కదలికలను కూడి, రోడ్డు గరుకుదనాన్ని కిలోమీటరుకు ఇన్ని మిల్లీమీటర్లని చెబుతారు. 1982లో బ్రెజిల్‌లో జరిగిన పరిశోధన ఆధారంగా 1986లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన అంతర్జాతీయ గరుకుదన సూచిక కూడా ఒక ఊహాత్మక చక్రపు సస్పెన్షన్ కదలిక మీదనే నిలబడింది. సస్పెన్షన్‌ను మార్చకుండా ఉంచితే కొలత రోడ్డు గురించి చెబుతుంది. రోడ్డును మార్చకుండా ఉంచితే అదే కొలత సస్పెన్షన్ గురించి చెబుతుంది. రెండూ మారితే దేని గురించీ చెప్పదు.

అందువల్ల పరీక్షకు ఒకే దారిని, ఒకే దిశలో, ఒకే వేగంతో, ఒకే టైరు గాలితో ఎంచుకోవాలి. బంజారా హిల్స్ వంటి చోట దిశ విషయం మరీ ముఖ్యం. పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో, మనిషితో కలిపి 200 కిలోలున్న బండి దిగుతుంటే, దాని బరువు కేంద్రం ఎత్తును, చక్రాల మధ్య దూరాన్ని బట్టి లెక్కగడితే చదునుమీదకన్నా సుమారు 10 కిలోలు అదనంగా ముందు చక్రం మీద పడతాయి; రెండు ఫోర్క్ స్ప్రింగుల మొత్తం గట్టిదనం మిల్లీమీటరుకు ఒక కిలో అయితే ఫోర్క్ బ్రేకు పట్టకముందే దాదాపు ఒక సెంటీమీటరు దిగి ఉంటుంది. అదే స్పీడ్ బ్రేకర్‌ను ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి దాటి, ఆ రెండు గీతలను పోల్చి స్ప్రింగ్ మీద తీర్పు చెప్పడం పొరపాటు. వేడి సంగతి కూడా మరువరాదు: మండు వేసవి మధ్యాహ్నం గంటసేపు నడిచిన షాక్‌లో ఆయిల్ పలచబడి డంపింగ్ తగ్గుతుంది కాబట్టి, ఉదయం చల్లని బండిమీద తీసిన గీతకు మధ్యాహ్నపు గీతతో పోలిక పెట్టకూడదు.

రేసు ట్రాకు నుంచి రోడ్డు మీదికి

ఈ విద్య పదునెక్కింది రేసుల్లోనే. మోటోజీపీలో తనంతట తాను సర్దుకొనే ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ నిషిద్ధం. కదలికను కొలిచి నమోదు చేయడం మాత్రం అనుమతమే కనుక, ప్రతి విడత తరువాత ఇంజినీరు గీతలు చదివి మెకానిక్ చేత మరలు తిప్పిస్తాడు. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో తొలి భారత మోటోజీపీ జరిగినప్పుడు, ఆ ట్రాకు మీద ఏ జట్టుకూ పాత గీతలు లేవు. అభ్యాస విడతల్లో పోగైన సమాచారమే ఆధారంగా అందరూ బండ్లను సర్దుకోవలసి వచ్చింది. ఆ పోటీని మార్కో బెజెకీ గెలిచాడు.

తెలుగువారికి దగ్గరి చిరునామా హోసూరు. తెలుగు వీధివీధినా వినిపించే ఆ తమిళనాడు సరిహద్దు పట్టణంలోనే టీవీఎస్ కర్మాగారం ఉంది, 1982లో మొదలైన దాని రేసింగ్ విభాగం దేశంలోని పాత ఫ్యాక్టరీ జట్లలో ఒకటి. అదే సంస్థ 2021లో అపాచీ ఆర్ఆర్ 310 కొనుగోలుదారుకు ప్రీలోడ్, కంప్రెషన్, రీబౌండ్ మూడింటినీ సర్దుకొనగల సస్పెన్షన్‌ను ఐచ్ఛికంగా అందించడం మొదలుపెట్టింది. మరలు సామాన్యుడి చేతికి వచ్చాయి గాని, వాటిని ఎటు తిప్పాలో చెప్పే కొలతలు బండితోపాటు రాలేదు. కొలవకుండా తిప్పిన మర బండిని బాగుచేయడం ఎంత సాధ్యమో, చెడగొట్టడమూ అంతే సాధ్యం.

జేబులోని సాధనం

ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ యాక్సిలరోమీటర్ ఉంది, సెన్సర్ సమాచారాన్ని నమోదు చేసే ఉచిత యాప్‌లు చాలా ఫోన్లలో సెకనుకు 100 నమూనాల వరకు తీసుకోగలవు. ఫోన్ ఫోర్క్ కదలికను నేరుగా కొలవలేదు గాని, సీటుకు చేరే కుదుపును నమ్మకంగా నమోదు చేస్తుంది. దాన్ని హ్యాండిల్‌కు బిగించడం మంచిది కాదు. మోటార్‌సైకిల్ ఇంజిన్ కంపనాలు కెమెరాలోని స్థిరీకరణ భాగాలను దెబ్బతీయవచ్చని 2021లో ఆపిల్ సంస్థే తన వినియోగదారులను హెచ్చరించింది. ట్యాంకు మీది సంచిలో మెత్తలేకుండా బిగుతుగా కట్టినా, సీటు కింద కదలకుండా అమర్చినా చాలు. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు నమోదైన గరిష్ఠ కుదుపు, ఆ తరువాత బండి ఎన్నిసార్లు ఊగి నిలిచింది, ఈ రెండు సంగతులను తేదీ, టైరు గాలి, ప్రీలోడ్ మెట్టుతో సహా నోటుపుస్తకంలో రాసుకుంటే ఆరు నెలల తరువాత షాకప్ అరిగిందా లేదా అన్న వాదానికి తావుండదు.

మన రోడ్ల మీది మామూలు బండ్లలో చాలావాటికి ముందు ఫోర్క్ మీద తిప్పడానికి ఏ మరా ఉండదు, వెనక ప్రీలోడ్ మెట్లు తప్ప. అయినా సర్దుకోవలసినవి తక్కువేమీ కావు. టైరు గాలి, ఆయిల్ సీళ్ల లీకు, ఫోర్క్ ఆయిల్ పరిమాణం, దాని వయస్సు, శాగ్, వెనక మెట్టు అనే వరుసలో ఒకసారికి ఒక్కటే మార్చి, అదే దారిలో మళ్లీ కొలిచి చూడాలి. పరీక్ష పేరుతో వేగ పరిమితి దాటడం, బండి నడుపుతూ ఫోన్ తెర చూడడం, రద్దీ వేళ ఒకే స్పీడ్ బ్రేకర్ చుట్టూ తిరగడం ఎంతమాత్రం తగవు. తెల్లవారుజామున హెల్మెట్‌తో, 25 కి.మీ. వేగంతో చేసిన పరీక్షలోనే పనికొచ్చే సమాచారమంతా దొరుకుతుంది. కొత్త షాకప్‌లకు డబ్బు పెట్టేముందు పాతవాటి గీతను ఒకసారి తీసుకున్న వాహనదారు అనవసరపు ఖర్చు నుంచి తప్పించుకొనే అవకాశం ఎక్కువ; నిజంగానే అవి అరిగిపోయి ఉంటే, మార్చాక వచ్చే రెండో గీత ఆ ఖర్చుకు ఫలితం దక్కిందో లేదో తేల్చి చెబుతుంది.